కడుపుతో ఉన్న మా ఆవిడకి పన్ను నొప్పి, ఎన్‌హెచ్‌ఎస్ (ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్యం) డెంటిస్ట్ దొరకట్లేదు. పైగా జీపీ (ఫ్యామిలీ డాక్టర్) లెటర్‌కి డబ్బులట!

ఖమ్మం టు కోవెంట్రీ:

అందరికీ నమస్తే. కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మా ఆవిడకి ఇప్పుడు అయిదో నెల. కింది దవడలో కుడివైపు పన్ను ఒకటి ఎప్పటి నుంచో పిప్పి పట్టి ఉంది. హైదరాబాద్‌లో ఉన్నప్పుడే చూపిద్దామనుకుంటూ వీసా హడావిడిలో వదిలేశాం. పోయిన వారం నుంచి రాత్రిళ్ళు నిద్ర లేదు. చల్లటి నీళ్ళు తగిలితే చాలు, చెంప పట్టుకుని కూర్చుంటోంది. మా అత్తమ్మ వీడియో కాల్‌లో లవంగం పెట్టమంటోంది. పెడుతున్నాం, కాసేపు ఆగి మళ్ళీ మొదలు.

మిడ్‌వైఫ్ ఏమో "నీకు డెంటల్ అంతా ఫ్రీ" అని చెప్పి పంపింది. తీరా చూస్తే ఫ్రీగా చూసేవాళ్ళే లేరు. ఏ క్లినిక్‌కి ఫోన్ చేసినా "ఎన్‌హెచ్‌ఎస్‌లో కొత్తవాళ్ళని తీసుకోవట్లేదు, ప్రైవేట్ అయితే రేపే రండి" అంటున్నారు. ఒకచోట ఊరికే చూడటానికే 95 పౌండ్లు, ఎక్స్‌రే వేరే. తలకి ఏడాదికి 1,035 పౌండ్ల హెల్త్ సర్‌చార్జ్ (వీసాతో పాటు ఎన్‌హెచ్‌ఎస్ కోసం కట్టించుకునేది), అదీ మూడేళ్ళది ఒకేసారి కట్టి వచ్చాం. ఆ డబ్బంతా ఎటు పోతున్నట్టు?

ఇంకొకటి. ఏడో నెలలో శ్రీమంతానికి ఖమ్మం తీసుకెళ్దామని టికెట్లు చూస్తున్నాం. 28 వారాలు దాటితే లెటర్ కావాలని ఎయిర్‌లైన్ వాళ్ళు అన్నారు. జీపీ సర్జరీలో (అంటే క్లినిక్‌లో) అడిగితే రిసెప్షనిస్ట్ ధరల కాగితం చేతిలో పెట్టింది. లెటర్‌కి 40 పౌండ్లు, రెండు మూడు వారాలు పడుతుందట. ఎన్‌హెచ్‌ఎస్ డాక్టర్ ఇలా డబ్బు అడగొచ్చా? ఎవరికైనా తెలిస్తే చెప్పండి, ప్లీజ్.

స్లౌ సీనియర్:

తమ్ముడూ, టికెట్లు ముందుకు జరుపుకుని పన్ను సంగతి ఖమ్మంలోనే చూసుకో. మా ఇంట్లో అందరి పళ్ళ పనీ విజయవాడలోనే. 2024 ఫిబ్రవరిలో బ్రిస్టల్ సెయింట్ పాల్స్‌లో ఒక క్లినిక్ ఎన్‌హెచ్‌ఎస్ పేషెంట్లని తీసుకుంటామని తలుపులు తెరిస్తే వందల మంది లైన్ కట్టారు, పోలీసులు కూడా వచ్చారు. అట్లా ఉంది ఇక్కడి కథ.

బర్మింగ్‌హామ్ బీడీఎస్:

సీనియర్ గారూ, మామూలు మనిషికి మీ సలహా సరే. కడుపుతో ఉన్న మనిషిని నిద్రలేకుండా ఖమ్మం వెళ్ళేదాకా ఆగమంటారా? అన్నా, మీరు టికెట్లు జరపకండి. నేను గుంటూరులో బీడీఎస్ చేసి, ఇక్కడ ఓఆర్ఈ (బయటి దేశాల డెంటిస్టులు రాయాల్సిన పరీక్ష) రాయడానికి సీటు కోసం చూస్తూ ట్రైనీ డెంటల్ నర్సుగా పనిచేస్తున్నాను. (ఆ సీట్ల బుకింగ్ తెరిచిన రోజు మా రూమ్‌లో ఉండే టెన్షన్ తత్కాల్ టికెట్‌కి కూడా ఉండదు.) రోజూ రిసెప్షన్ పక్కనే ఉంటాను కాబట్టి ఫోన్‌కి అటువైపు ఏం జరుగుతుందో చెప్తాను.

ముందు ఈ రోజే ఎన్‌హెచ్‌ఎస్ హెల్ప్‌లైన్ 111కి ఫోన్ చేయండి, లేదా ఆన్‌లైన్‌లో 111 నింపండి. "డెంటిస్ట్ కావాలి" అని ఒక్క ముక్కలో ఆపొద్దు. ఎన్నో నెలో, రాత్రి నిద్ర లేదన్న సంగతి, పారాసెటమాల్ వేసినా తగ్గట్లేదన్న సంగతి, వాపు ఉంటే వాపు, అన్నీ చెప్పండి. వాళ్ళు అర్జెంట్ స్లాట్ చూస్తారు. అక్కడ నొప్పి తగ్గించడమే చేస్తారు, మిగతా పన్ను పని తర్వాత వేరేగా చేయించుకోవాలి. అన్నట్టు, వదినకి ఐబుప్రొఫెన్ మాత్రం ఇవ్వొద్దు. ముఖం వాపు కంటి వైపో మెడ వైపో పాకినా, నోరు తెరవలేకపోయినా, మింగడం, ఊపిరి కష్టమైనా 111 కోసం ఆగకుండా నేరుగా ఏ అండ్ ఈకి (ఆస్పత్రి ఎమర్జెన్సీకి) వెళ్ళండి. ఉత్త పన్ను నొప్పికి వెళ్తే అక్కడ పన్ను పీకరు, గంటలు కూర్చోబెట్టి పంపేస్తారు.

ఇక మామూలు డెంటిస్ట్ సంగతి. మనవాళ్ళు జీపీలో రిజిస్టర్ అయినట్టే డెంటిస్ట్ దగ్గరా అవ్వాలనుకుంటారు. 2006లో వచ్చిన కాంట్రాక్ట్ తర్వాత ఇంగ్లండ్‌లో అలాంటి రిజిస్ట్రేషన్ లేదు. ట్రీట్‌మెంట్ జరుగుతున్నంత వరకే మీరు వాళ్ళ పేషెంట్. ఏరియా పట్టింపు కూడా లేదు. కోవెంట్రీలో దొరక్కపోతే నునీటన్, రగ్బీ, లెమింగ్టన్ ఎక్కడైనా వెళ్ళొచ్చు. ప్రాక్టీస్‌కి ఏడాదికి ఇన్ని యూనిట్ల పని అని ఎన్‌హెచ్‌ఎస్ లెక్క కట్టి ఇస్తుంది. ఆ లెక్క మార్చితో ముగిసి ఏప్రిల్‌లో మళ్ళీ మొదలవుతుంది. అందుకే ఫిబ్రవరిలో కాదన్నవాళ్ళే ఏప్రిల్‌లో రమ్మనొచ్చు.

చాలామంది గమనించని సంగతి ఒకటి. ఎన్‌హెచ్‌ఎస్ వెబ్‌సైట్‌లో డెంటిస్ట్‌ని వెతికినప్పుడు ప్రతి ప్రాక్టీస్ కింద పెద్దవాళ్ళు, పిల్లలు, ఫ్రీ డెంటల్ అర్హత ఉన్న పెద్దవాళ్ళు అని విడివిడిగా ఉంటుంది. మామూలు పెద్దవాళ్ళకి "లేదు" అని పెట్టి, ఫ్రీ అర్హత ఉన్నవాళ్ళకి "ఉంది" అని పెట్టేవాళ్ళు ఉంటారు. వదిన వచ్చేది ఆ వరసలోకి. అలాంటివాళ్ళకి ఫోన్ చేసి, మొదటి మాటే "ప్రెగ్నెంట్, మెటర్నిటీ ఎగ్జెంప్షన్ సర్టిఫికెట్ ఉంది" అని చెప్పండి. స్లాట్ లేదంటే క్యాన్సిలేషన్ లిస్టులో పేరు రాయమనండి, పిలిస్తే గంటలో వస్తామనండి. పొద్దున్నే రద్దయ్యే అపాయింట్‌మెంట్లు మేం ఆ లిస్టులోంచే నింపుతాం.

ఫీజు మినహాయింపునిచ్చే ఆ సర్టిఫికెట్‌కి మిడ్‌వైఫ్ అప్లై చేస్తుంది. వచ్చిందో లేదో ముందు కనుక్కోండి. అది లేకుండా ఫారంలో ఫ్రీ అని టిక్ పెడితే తర్వాత పెనాల్టీ ఉత్తరం ఇంటికొస్తుంది. డెలివరీ డేట్ తర్వాత ఇంకో 12 నెలలు చెల్లుతుంది కాబట్టి ఈ లోపు మిగతా పళ్ళు కూడా చూపించేయండి. ప్రైవేట్‌లో కట్టిన డబ్బు మాత్రం ఏ సర్టిఫికెట్ చూపించినా తిరిగి రాదు. ఆ 95 కట్టే ముందు ఆలోచించుకోండి.

ఎవరైనా "రూట్ కెనాల్ ఎన్‌హెచ్‌ఎస్‌లో ఉండదు, ప్రైవేట్‌లోనే" అంటే నమ్మొద్దు. పన్ను కష్టంగా ఉంటే వేరేచోటికి రిఫర్ చేయొచ్చు, కానీ అది ఎన్‌హెచ్‌ఎస్ ట్రీట్‌మెంటే. ఫిల్లింగ్ చేస్తే వెండి రంగుది వేస్తారేమోనన్న భయం కూడా వద్దు. పాదరసం ఉండే ఆ ఫిల్లింగ్‌ని 2018 జులై నుంచి గర్భిణులకి తప్పనిసరైతే తప్ప వాడరు. పన్ను పనికి నాలుగు నుంచి ఆరో నెల మంచి సమయం. అయిదో నెల అంటున్నారుగా, ఇంకా ఆలస్యం చేయకండి.

లెస్టర్ బాబాయ్:

పన్ను సంగతి అమ్మాయి చెప్పేసింది, నేను లెటర్ సంగతి చెప్తాను. మా ఆవిడ చాలా ఏళ్ళు జీపీ రిసెప్షన్‌లో పనిచేసింది. ఈ లెటర్ల మీద తిట్లన్నీ తినేది ఆవిడే.

అడగొచ్చు బాబూ. జీపీ సర్జరీలు చాలావరకు డాక్టర్లు సొంతంగా నడుపుకునేవి. ఎన్‌హెచ్‌ఎస్‌తో రాసుకున్న కాంట్రాక్ట్‌లో ఉన్న పనికి నీ దగ్గర పైసా తీసుకోకూడదు. ఎయిర్‌లైన్ లెటర్, ఇన్సూరెన్స్ ఫారం, జిమ్ లెటర్, లారీ లైసెన్స్ మెడికల్ లాంటివి ఆ కాంట్రాక్ట్ బయటివి. ధర ఎవరిది వాళ్ళే పెట్టుకుంటారు, అసలు రాయకపోయినా అడగలేం.

కానీ నీకు జీపీ లెటరే ఎందుకు? ఎయిర్‌లైన్‌కి కావాల్సింది డెలివరీ తేదీ, ప్రయాణానికి ఇబ్బందేమీ లేదన్న మాట. అది మిడ్‌వైఫ్ రాసినా చెల్లుతుంది. మా కోడలికి మిడ్‌వైఫే క్లినిక్‌లో కూర్చుని రాసిచ్చింది, డబ్బు అడగలేదు. ఎయిర్‌లైన్ వెబ్‌సైట్‌లో వాళ్ళ సొంత ఫారం ఉందేమో, లెటర్ తేదీ ఎన్ని రోజుల్లోపు ఉండాలో ముందు చూసుకో. తిరుగు ప్రయాణానికి ఖమ్మంలో డాక్టరమ్మ దగ్గర వేరే రాయించుకోవాలి. కడుపులో ఒక్క బిడ్డే ఉన్నా 37 వారాలు దాటితే చాలా ఎయిర్‌లైన్స్ ఎక్కనివ్వవు, శ్రీమంతం ముహూర్తం ఆ లెక్కలో పెట్టించు.

పాత రిపోర్టులు, స్కాన్ వివరాలు కావాలంటే దానికీ లెటర్ అడగకు. నీ రికార్డులు అడిగితే ఫ్రీగా ఇవ్వాలి, చాలావరకు ఎన్‌హెచ్‌ఎస్ యాప్‌లోనే కనిపిస్తాయి. ఆఫీసుకి సిక్ నోట్ ఏడు రోజులు దాటితే ఫ్రీ. ఏడు రోజుల్లోపు నీ అంతట నువ్వు రాసిస్తే చాలు, దానికి డాక్టర్ కాగితం కావాలని హెచ్‌ఆర్ పట్టుబడితే ఆ ఫీజు వాళ్ళనే కట్టమను. ప్రసూతి సెలవుకి ఇచ్చే మ్యాట్ బీ1 సర్టిఫికెట్ కూడా ఫ్రీయే.

కార్డిఫ్ నుంచి:

ఇవన్నీ ఇంగ్లండ్ లెక్కలని కొత్తవాళ్ళు గుర్తుపెట్టుకోండి. ఇక్కడ వేల్స్‌లో మందుల చీటీకి ఎవరికీ డబ్బు లేదు, డెంటల్ ధరలు కూడా వేరు. స్కాట్లండ్‌లో 26 లోపు వాళ్ళకి ఎన్‌హెచ్‌ఎస్ డెంటల్ అంతా ఫ్రీ. డెంటిస్ట్ దొరకడం మాత్రం ఇక్కడా అంతంతే.

స్లౌ సీనియర్:

అవన్నీ సరే అమ్మా, సర్‌చార్జ్ కట్టాక కూడా పంటి వైద్యానికి మళ్ళీ డబ్బేంటి అని వాడు అడిగాడు. దానికి ఒక్కరూ జవాబు చెప్పలేదు.

బర్మింగ్‌హామ్ బీడీఎస్:

ఎందుకంటే అది ఇక్కడ పుట్టినవాళ్ళకీ ఫ్రీ కాదు సార్. సర్‌చార్జ్ కడితే వాళ్ళతో సమానంగా చూస్తారు, అంతే. వాళ్ళూ చార్జీలు కడుతున్నారు, వాళ్ళకీ స్లాట్లు దొరకట్లేదు. కోపం న్యాయమే, నాకూ ఉంది.

ఖమ్మం టు కోవెంట్రీ:

అందరికీ చాలా థ్యాంక్స్. 111 వాళ్ళు మొదట "ఫోన్ చేస్తాం" అని పెట్టేశారు, మధ్యాహ్నం నిజంగానే చేసి నునీటన్‌లో మర్నాటికి స్లాట్ ఇచ్చారు. పన్ను తెరిచి లోపల శుభ్రం చేసి మందు పెట్టి మూశారు. నిన్న రాత్రి నిద్రపోయింది. రూట్ కెనాల్ పూర్తి చేయడానికి వేరేచోట చూసుకోమన్నారు. చెల్లి చెప్పిన ఫ్రీ అర్హత వరసలో రగ్బీలో ఒకటి కనిపించింది, వచ్చే గురువారం రమ్మన్నారు. సర్టిఫికెట్ ఈమెయిల్‌లో స్పామ్‌లో పడి ఉంది! మిడ్‌వైఫ్ కూడా లెటర్ రాసిస్తానంది, ప్రయాణానికి దగ్గర్లో రమ్మంది.

ఒక్క చిన్న ప్రశ్న. ఆమెతో పాటు నేను కూడా అక్కడే చూపించుకోవచ్చా? చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది.

బర్మింగ్‌హామ్ బీడీఎస్:

అడగండి, కానీ మీరు మామూలు పెద్దవాళ్ళ వరస కాబట్టి కాదనే అవకాశం ఎక్కువ. బిడ్డ పుట్టాక బిడ్డనీ అక్కడికే తీసుకెళ్తుంటారు కాబట్టి అప్పుడు ఇంకోసారి అడిగి చూడండి, కొందరు కుటుంబమంతటినీ తీసుకుంటారు. దొరికితే ఇప్పటి ధర కనుక్కోండి; 2025 ఏప్రిల్ ధరల ప్రకారం చూడటం, ఎక్స్‌రే, అవసరమైతే క్లీనింగ్ అన్నీ కలిపి 27.40 పౌండ్లు ఉండేది. ఫిల్లింగులు, రూట్ కెనాల్, పన్ను పీకడం దాకా వెళ్తే ఎన్ని పళ్ళైనా మొత్తం 75.30 ఉండేది. క్యాప్ వరకు వస్తే 326.70 ఉండేది. వీటిని కలిపి కూడరు, పెద్దది ఒక్కటే కట్టాలి. క్లీనింగ్ మాత్రం "హైజీనిస్ట్ దగ్గర ప్రైవేట్‌గా" అని చెప్తే, నా చిగుళ్ళకి అది అవసరమా, అవసరమైతే ఎన్‌హెచ్‌ఎస్ కోర్సులో ఎందుకు రాదు అని అడగండి.