అప్‌డేట్: పిల్లల భోగి పిడకల దండ పూర్తయింది

ఏడేళ్ల బాబుకూ ఐదేళ్ల పాపకూ సంక్రాంతి సెలవుల్లో ఫోను బదులు ఏ పని చెప్పాలని డిసెంబరులో అడిగాను. భోగి పిడకలు చేయించమని ఎక్కువమంది అన్నారు. అమలాపురం దగ్గర మా అత్తగారింట్లో అదే చేశాం. సలహా ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

మొదటి విడత పాడైంది. పేడ పలుచనై, ఎండాక పిడకలు విరిగిపోయాయి. రెండోసారి అత్తయ్యగారు కాస్త ఊక కలిపి, గారెలా తట్టి, మధ్యలో వేలితో చిల్లు పెట్టడం చూపించారు. ఈ మంచులో ఎండటానికి ఐదు రోజులు పట్టింది. రోజూ వాటిని తిరగేసేది బాబే. తడి పిడక బరువు, ఎండినది తేలిక అని తనే కనిపెట్టి, ‘‘అమ్మా, అందులో నీళ్లు ఎక్కడికి పోయాయి?’’ అని అడిగాడు. ఆ ప్రశ్న విని నాకు కళ్లు చెమర్చాయి. పాప కొబ్బరి తాడుకు గుచ్చుతూ లెక్కపెట్టింది. నలభై దాటితే తడబడే పిల్ల 108 దాకా వెళ్లింది!

మిగతా పనుల్లో, చుక్కల ముగ్గు ఐదేళ్లకు కష్టమే, సుద్దముక్క ఇవ్వండి. అరిసెలకు పిల్లలు తడిపిండి జల్లించారు కానీ వాళ్లను పాకం దగ్గరకు రానివ్వలేదు.

భోగి నాడు తెల్లవారుజామున దండను మంటలో వేయడానికి పాప ఒప్పుకోలేదు. ఐదు పిడకలు తీసి దాచుకున్నాకే ఇచ్చింది.