ఒకే జాతి జంతువులు తమలో తాము ఎందుకు పోట్లాడుకుంటాయి?

ప్రశ్న (వనస్థలిపురం వాసి):
మహావీర్ హరిణ వనస్థలిలో రెండు మగ కృష్ణజింకలు తలలు వంచి, మెలితిరిగిన కొమ్ములను పెనవేసి, ఒకదానినొకటి వెనక్కి నెట్టుకోవడం చూశాను. కాసేపటికి ఒకటి కొమ్ములు విడిపించుకుని తప్పుకుంది, గెలిచినది కొంత దూరం తరిమి ఆగిపోయింది. చిరుత జింకను వేటాడిందంటే దాని ఆకలి తీరుతుంది. సొంత జాతితో తలపడితే జింకకు ఒరిగేదేమిటి? అంత పట్టుదలగా తలపడినవి చంపుకోకుండా ఎందుకు ఆగుతాయి? జాతి నశించకూడదని ప్రకృతి పెట్టిన కట్టుబాటు అది అని చిన్నప్పుడు విన్నాను. అది నిజమేనా?

జీవశాస్త్ర అధ్యాపకురాలు:
మొదటి ప్రశ్నకు డార్విన్ 1859లోనే సమాధానం చెప్పారు. ఒకే జాతి ప్రాణులు ఒకే చోట ఉంటూ, ఒకే మేత మేస్తూ, ఒకే రకమైన ప్రమాదాలను ఎదుర్కొంటాయి కాబట్టి మనుగడ కోసం జరిగే పోరు వాటి మధ్యనే అన్నిటికన్నా తీవ్రంగా ఉంటుంది. చిరుతకు గడ్డితో పని లేదు. జింక తినే గడ్డికీ, కోరుకునే జోడుకీ అసలైన పోటీదారు మరో జింకే.

అయితే మీరు చూసిన పోరు బహుశా మేత కోసం కాదు. ఈడొచ్చిన మగ కృష్ణజింక కొంత నేలను తనదిగా చేసుకుని, ఒకే చోట పదేపదే పెంటికలు వేస్తూ, కంటి ముందుండే గ్రంథి స్రావాన్ని కొమ్మలకు రాస్తూ హద్దులు గుర్తుపెడుతుంది. అక్కడికి వచ్చే ఆడజింకలతో జతకట్టే అవకాశం దానికి దక్కుతుంది. ఆడజింక సాధారణంగా కాన్పుకు ఒక్క పిల్లనే కని, పాలిచ్చి సాకుతుంది. మగజింకకు ఆ బరువు లేదు కాబట్టి ఒక్కటే ఎన్నో ఆడవాటితో జతకట్టగలదు, ఆ మేరకు మిగిలిన మగవాటిలో చాలావాటికి సంతానమే ఉండదు. పోరు వెనక ఉన్న పందెం అది.

ఇదంతా మగజాతి స్వభావమని మాత్రం అనుకోకండి. మన చెరువుల్లో తామరాకుల మీద నడిచే నెమలితోక జకానాల్లో గుడ్లు పొదిగేది మగపక్షి. అందుకే అక్కడ పరిమాణంలో పెద్దవీ, జోడు కోసం పోట్లాడేవీ ఆడపక్షులే.

పాముల నేస్తం:
రెండో ప్రశ్నకు జెర్రిపోతుల కన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. రెండు పాములు పెనవేసుకుని పైకి లేస్తుంటే నాగుపాము, జెర్రిపోతు జతకట్టాయని చెప్పుకుని, కొత్త బట్ట కప్పి దణ్ణం పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చాలాసార్లు అవి రెండూ మగ జెర్రిపోతులే. దగ్గర నుంచి గమనిస్తే, ఒక్కొక్కటీ ఎదుటిదాని కన్నా పైకి లేచి, దాని తలను నేలకు అదమడానికి ప్రయత్నించడం కనిపిస్తుంది. ఓడినది జారుకుంటుంది. విషమున్న రక్తపింజర మగవి కూడా ఇలాగే పెనుగులాడతాయి గాని, సాధారణంగా కాటు వేయవు.

ఈ సంయమనానికి లెక్క చూపినవారు జాన్ మేనార్డ్ స్మిత్, జార్జ్ ప్రైస్ అనే పరిణామ శాస్త్రవేత్తలు. గెలిస్తే దక్కేదాని కన్నా గాయపడితే పోయేది ఎక్కువైనప్పుడు, ప్రతిసారీ చివరిదాకా కొట్లాడే స్వభావం ఒక జాతిలో పూర్తిగా స్థిరపడలేదని 1973లో నేచర్ పత్రికలో వారు వివరించారు. కాబట్టి ముందు ఎదుటివాడి బలాన్ని తూచడమే మేలు. స్కాట్లాండ్‌లోని రమ్ దీవిలో మగ ఎర్రదుప్పులు మొదట పోటాపోటీగా అరుస్తాయి, తేలకపోతే పక్కపక్కనే నడుస్తాయి, అప్పటికీ తేలకపోతేనే కొమ్ములు కలుపుతాయి. అలసిపోయినది ఎక్కువసేపు అరవలేదు కాబట్టి ఆ అరుపులో బూటకానికి చోటు తక్కువ.

జీవశాస్త్ర అధ్యాపకురాలు:
పై జవాబుకు ఒక్క మాట చేర్చాలి. మీరు విన్న 'జాతి మేలు' వాదాన్ని జంతు ప్రవర్తనను అధ్యయనం చేసిన కొన్రాడ్ లోరెంజ్ వంటి పెద్దలు కూడా నమ్మారు, కానీ అది నిలబడలేదు. కొండముచ్చుల మందను కొత్త మగది చేజిక్కించుకున్నాక, పాలు తాగే పిల్లలను చంపిన సందర్భాలను జపాన్ శాస్త్రవేత్త సుగియామా కర్ణాటకలోని ధార్వాడ్ దగ్గర నమోదు చేశారు. పిల్ల పోయిన తల్లి త్వరగా మళ్లీ ఎదకు వస్తుంది. ఇందులో జాతికి మేలు లేదు, ఆ ఒక్క మగదానికే ఉంది. కొన్ని అత్తిజాతి పండ్లలో పుట్టే కందిరీగల సంగతి ఇంకా కఠినం. రెక్కలు లేని ఆ మగ పురుగుల జీవితమంతా ఒక్క పండులోనే ముగుస్తుంది. తప్పుకుని మరోచోట ప్రయత్నించే వీలు వాటికి లేనందున, పెద్ద దవడలతో ఒకదానినొకటి నరుక్కుంటాయని జీవశాస్త్రవేత్త హామిల్టన్ 1979లో వివరించారు.

వనస్థలిపురం వాసి:
చాలా కృతజ్ఞతలండీ. అలాగైతే చుట్టూ కంచె ఉన్నచోట ఓడిన జింక ఎటు పోతుంది?

పాముల నేస్తం:
అసలు చూడవలసింది అదేనండీ. వేల ఎకరాల హరిణ వనస్థలిలో తప్పుకోవడానికి చోటుంటుంది. ఇరుకైన ఆవరణలో మాత్రం ఓడినది గెలిచినదాని కళ్లబడుతూనే ఉంటుంది కాబట్టి, మామూలుగా ముగిసే పోరు కూడా ప్రాణం మీదికి రావచ్చు. అలాంటి చోట్ల మగవాటి సంఖ్య తగ్గించడం, చాటుకు పొదలు పెంచడం, మేతనూ నీళ్లనూ ఒకే చోట కాకుండా దూరదూరంగా పెట్టడం తప్పనిసరి.