ఏఆర్ గేమ్, గడువు నెలాఖరు: ముందు ఏది కోసెయ్యాలి?

పల్నాడు_పిక్సెల్: అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో నలుగురం ఉన్న చిన్న స్టూడియో మాది. ఎగ్జిబిషన్ స్టాల్‌కి పిల్లల ఏఆర్ గేమ్ (కెమెరాలో కనపడే చోటు మీదే బొమ్మలు కలిపి చూపించే ఆట) ఒప్పుకున్నాం. ఫోన్ నేలవైపు తిప్పితే చెరువు కనపడాలి, అందులో చేపలు పట్టాలి. ఇద్దరు పిల్లలు రెండు ఫోన్లలో ఒకే చెరువు చూడాలని కూడా రాసుకున్నారు. గేములు తయారుచేసే యూనిటీ, దానిలో ఏఆర్ పనికి ఏఆర్ ఫౌండేషన్ వాడుతున్నాం. క్లయింట్ రోజూ ఫోన్ చేసి "ఇంకో రెండు రకాల చేపలు పెట్టండి, అంతే" అంటాడు. ఇలాంటివి నడిపినవాళ్లు ఏది వదిలేశారో చెప్పండి.

కోడ్_కాపరి: ఇద్దరికీ ఒకే చెరువు అన్నది ముందు తీసెయ్ గురూ. రెండు ఫోన్లు ఒకే చోటుని పట్టుకోవాలంటే మామూలుగా క్లౌడ్ యాంకర్ల (చోటు గుర్తుల్ని సర్వర్లో పెట్టి ఫోన్లకి పంచేవి) దాకా వెళ్లాలి, దానికి నెట్ కావాలి. ఎగ్జిబిషన్ హాల్లో నెట్ సంగతి నీకు తెలియంది కాదు. ఒకరి తర్వాత ఒకరు ఆడేలా పెట్టి, స్కోర్లు బోర్డు మీద చూపించు. ఏఆర్ ఆట పోకెమాన్ గో 2016 జులైలో వచ్చినప్పుడు అందులో ఫ్రెండ్స్ లిస్టూ లేదు, పట్టుకున్న పోకెమాన్లని ఒకరికొకరు మార్చుకోవడమూ లేదు. అవి 2018లో వచ్చాయి. అంత పెద్ద ఆటే అవి లేకుండా బయటికొచ్చింది, క్లయింట్‌కి ఈ ముక్క చెప్పు.

గోదారి_గేమర్: చేపల సంగతి తర్వాత, స్టాల్ నేల చూశారా? కెమెరాకి నేల దొరకాలంటే మచ్చలో, గీతలో, అంచులో ఏదో ఒకటి కనపడాలి. మెరిసే టైల్స్, ఒకే రంగు కార్పెట్ అయితే పిల్లాడు ఫోన్ ఊపుతూనే ఉంటాడు, చెరువు రాదు. వెనక లైన్లో ఉన్నవాళ్లు వెళ్లిపోతారు. నేను చూసిన స్టాళ్లలో సగం గొడవ ఇదే. నేలను వెతికించడం మానేసి, ఒక బొమ్మ ప్రింట్ చేయించి పరచండి. యాప్ ఆ బొమ్మని గుర్తుపడితే చాలు.

కోడ్_కాపరి: బొమ్మకి నేను ఒప్పుకోను. పిల్లలు దాని మీద నిలబడితే ట్రాకింగ్ (కెమెరా ఆ చోటుని పట్టుకుని ఉండడం) పోతుంది.

గోదారి_గేమర్: చుట్టూ తాడు కట్టండి, చెరువు గట్టులా బాగుంటుంది కూడా. బొమ్మ ఎంపికే అసలు పని. మాకొకసారి క్లయింట్ ముగ్గు డిజైన్ ఇచ్చాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంది, కానీ నాలుగు వైపులా అదే ఆకారం తిరిగి తిరిగి వస్తే యాప్‌కి ఏది ఏ మూలో తేలదు. ఆండ్రాయిడ్‌లో ఏఆర్ నడిపే గూగుల్ ఏఆర్‌కోర్‌తో వచ్చే టూల్ బొమ్మకి 100కి ఎన్ని మార్కులో చెబుతుంది, 75 దాటాలని గూగుల్ సలహా. మా ఆర్టిస్టు ఒక మూల తామరాకులు, ఇంకో మూల పడవ, మరో మూల కొంగ గీశాక దాటింది.

టెస్టింగ్_రాణి: ఏ ఫోన్లు వాడతారో ఒప్పందంలో మోడల్ పేర్లతో రాయించుకోండి. ఏఆర్‌కోర్ అన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో నడవదు, గూగుల్ జాబితాలో ఉన్నవే. మాకొక క్లయింట్ చివర్లో చవక ట్యాబ్లెట్లు పట్టుకొచ్చాడు, వాటిలో ఒక్కటీ జాబితాలో లేదు.

ఇక వేడి. కెమెరా, ట్రాకింగ్, త్రీడీ మూడూ కలిసి నడిస్తే ఫోన్ కాగిపోతుంది, ఆట నత్తనడక పడుతుంది. సెకనుకి 30 ఫ్రేములకి కట్టెయ్యండి. చేపలకి అసలు నీడలు వద్దు, కింద నల్లటి మసక బొమ్మ పెడితే ఎవరికీ తేడా తెలియదు. ఛార్జింగ్‌లో పెట్టి ఆడించకండి, రెండు జతలు మార్చి మార్చి వాడండి. ఆఫీసు ఏసీలో పది నిమిషాలు ఆడి "బాగుంది" అనడం టెస్టింగ్ కాదు.

నెల్లూరు_నేటివ్: ప్లే స్టోర్‌లో పెడతారా? పర్సనల్ అకౌంట్ 2023 నవంబర్ తర్వాత తెరిచినదైతే, విడుదలకి ముందు 12 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు ఉండాలి. నెలలో సగం దానికే. స్టాల్ వరకే అయితే ఏపీకే (యాప్ ఫైలు) నేరుగా ఫోన్లలోకి ఎక్కించేయండి.

పల్నాడు_పిక్సెల్: ఏపీకేనే, స్టోర్ లేదు. ఒకే చెరువు తీసేయడానికి క్లయింట్ గొణిగాడు గానీ, స్కోరు బోర్డులో తన లోగో పెద్దగా వస్తుందనగానే సరే అన్నాడు. చేపల రకాలు ఈ శుక్రవారంతో బంద్ అని మెయిల్ కూడా పెట్టాను. బొమ్మ ఫ్లెక్సీ మీద కొట్టిద్దామని ఉంది, సరిపోతుందా?

గోదారి_గేమర్: మామూలు ఫ్లెక్సీ మెరుస్తుందండి, హాల్ లైట్లు పడి కొంగ కాస్తా తెల్లమచ్చ అవుతుంది. మెరవని రకం అడగండి. ముందు చిన్న ముక్క కొట్టించి, హాల్‌కే తీసుకెళ్లి, రాత్రి లైట్ల కింద చూడండి.