నెత్తురు వస్తోందని పిల్లలు పళ్ళు తోమడం మానేస్తున్నారు, వాళ్ళకు ఏం చెప్పాలి?

ప్రశ్న (ఉపాధ్యాయిని, గాజువాక):
నేను ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తున్నాను. ఏడో తరగతిలో జీర్ణవ్యవస్థ పాఠం చెబుతూ, పళ్ళు తోముకునేటప్పుడు చిగుళ్ళ నుంచి నెత్తురు వచ్చేవాళ్ళు ఎవరని అడిగితే దాదాపు సగం చేతులు లేచాయి. ఒక అమ్మాయి, నెత్తురు వచ్చే పక్క తోమడం మానేశానని చెప్పింది. తల్లులతో మాట్లాడితే వేడి చేసి ఉంటుందని, మజ్జిగ తాగిస్తే తగ్గుతుందని అన్నారు. గార తీయిస్తే పళ్ళు వదులవుతాయని ఒక తండ్రి గట్టిగా వాదించారు. వీరికి నమ్మకం కలిగేలా ఎలా చెప్పాలో తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు (చిగుళ్ళ వైద్యుడు, విశాఖపట్నం):
మేడమ్, ఆ అమ్మాయి వదిలేసిన చోటే ఎక్కువ శ్రద్ధగా తోమాలి. పంటికీ చిగురుకూ మధ్య అంచున పాచి నిలిచిపోతే అందులోని సూక్ష్మజీవుల వల్ల చిగురు వాచి, బ్రష్ తగలగానే నెత్తురు వస్తుంది. నెత్తురుకు భయపడి అక్కడ తోమడం మానేస్తే పాచి ఇంకా పెరుగుతుంది. 1965లో డెన్మార్క్‌లో హారాల్డ్ లో (Harald Löe) అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ఆరోగ్యవంతులైన 12 మంది చేత పళ్ళు తోమడం మాన్పించగా, 10 నుంచి 21 రోజుల్లో అందరి చిగుళ్ళూ వాచాయి. తిరిగి శుభ్రం చేయడం మొదలుపెట్టాక, సుమారు వారంలో మామూలయ్యాయి. ఏడో తరగతి వయసులో హార్మోన్ల మార్పుల వల్ల కొద్దిపాటి పాచికే చిగుళ్ళు ఎక్కువగా వాస్తాయి కనుక ఆ పిల్లలకు ఇది మరీ అవసరం.

గార విషయానికొస్తే, లాలాజలంలోని ఖనిజాలు చేరి పాచి గట్టిపడితే దాన్నే గార అంటాం. అది బ్రష్‌తో పోదు, స్కేలింగ్ (వైద్యుడి దగ్గర పరికరంతో గార తీయించడం) చేయించాల్సిందే. చిగుళ్ళ జబ్బు ముదిరి, పంటిని పట్టి ఉంచే ఎముక కరిగిన చోట గార పళ్ళను అతికి ఉంచుతున్నట్టు అనిపిస్తుంది కాబట్టి, దాన్ని తీయగానే అప్పటికే ఉన్న కదలిక బయటపడుతుంది. కరిగిన ఎముక మాత్రం మామూలుగా తిరిగి రాదు. ఆ తండ్రిగారి అనుమానం మా దగ్గరికి వచ్చే చాలామందిలోనూ ఉంటుంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయకుండా ఇదే మాట ఓపికగా చెప్పండి.

తరగతిలో చూపించడానికి, నీళ్ళలో కొన్ని చుక్కల తినే రంగు కలిపి పుక్కిలించమనండి, పాచి ఉన్న చోట రంగు పట్టుకుంటుంది. మెత్తటి బ్రష్‌ను చిగురు అంచువైపు వంచి, ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో ఉదయం, రాత్రి రెండేసి నిమిషాలు తోమమనండి. రెండు వారాలు శ్రద్ధగా తోమినా తగ్గకపోయినా, ఒంటిమీద కమిలిన మచ్చలు కనిపించినా, ఊరకే జ్వరం వస్తున్నా ఆలస్యం చేయకుండా వైద్యుడికి చూపించాలి, ఎందుకంటే అప్పుడు కారణం చిగుళ్ళలో కాక రక్తంలో ఉండవచ్చు.

జవాబు (రోగి, సీతమ్మధార):
నాకు మధుమేహం ఉంది, పొగ కూడా తాగేవాడిని. చిగుళ్ళ నుంచి నెత్తురు రాలేదు కనుక నాకేమీ లేదనుకున్నాను, కానీ పొగ వల్ల నెత్తురు కనిపించకపోవచ్చని, లోపల ఎముక కరుగుతూనే ఉంటుందని కింది ముందు పళ్ళు కదిలాక వైద్యురాలు చెబితే తెలిసింది. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ళు పాడవుతాయి, చిగుళ్ళు పాడైతే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది. ఈ సంగతి నాకు ముప్పై ఏళ్ళకే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

జవాబు (జాలరిపేట):
మా అమ్మమ్మ అడ్డపొగ తాగేది. చుట్ట నిప్పున్న కొసను నోటి లోపలే ఉంచుకునే ఈ అలవాటు మన తీరంలో పెద్దవయసు ఆడవాళ్ళలో చాలామందికి ఉండేది. అంగిలి తెల్లబడి ఎర్రటి చుక్కలు పడినా నొప్పి లేదని ఎవ్వరూ పట్టించుకోలేదు. అది క్యాన్సర్‌కు దారితీయవచ్చని మాకు ఆలస్యంగా తెలిసింది. మీ పిల్లలు తమ పళ్ళతోపాటు ఇంట్లో అవ్వల నోరు కూడా చూసేలా చేయండి మేడమ్, మనవరాలు అడిగితే వాళ్ళు కాదనరు.

ఉపాధ్యాయిని:
అందరికీ కృతజ్ఞతలు. తీరాన ఉన్న గంగవరం వైపు నుంచి వచ్చే పిల్లలు కొందరు మా తరగతిలో ఉన్నారు, ఈ అడ్డపొగ మాట వాళ్ళతో విడిగా మాట్లాడతాను. సోమవారం తినే రంగుతో ప్రయోగం చేయిస్తాను. నెత్తురు వస్తుందన్న ఆ అమ్మాయిని రెండు వారాల తరువాత మళ్ళీ చూసి ఇక్కడే రాస్తాను.