సీరమ్ డబ్బా వెనక లిస్టు చదివి మంచిదో కాదో చెప్పగలమా?

రాజాం_అమ్మాయి:
అందరికీ నమస్కారం. మాది రాజాం దగ్గర పల్లె. మా వదినకి డెలివరీ అయ్యాక బుగ్గల మీద, ముక్కు మీద మంగు వచ్చింది. పాప ఇంకా పాలు తాగుతోంది. మొన్న బొబ్బిలి వెళ్తే ఫ్యాన్సీ షాపులో ఒక సీరమ్ చూపించారు, 30 ఎంఎల్ సీసా ఆరు వందల పైనే. ముందు వైపు పెద్దక్షరాలతో "కుంకుమపువ్వు, విటమిన్ సి, నియాసినమైడ్ – మచ్చలు మాయం" అని ఉంది. వదిన అప్పుడే కొనేసేది, నేనే ఆగమని వెనక వైపు ఫోటో తీసుకుని వచ్చేశాను. వరుస ఇదీ: నీరు, గ్లిజరిన్, ప్రొపేన్‌డయోల్, నియాసినమైడ్, బ్యూటిలీన్ గ్లైకాల్, ఫినాక్సీఇథనాల్, శాంథన్ గమ్, సోడియం హైలురొనేట్, క్రోకస్ సాటివస్ ఎక్స్‌ట్రాక్ట్, ఆస్కార్బిక్ యాసిడ్, పర్ఫ్యూమ్, లినలూల్, లిమోనీన్.

నాకు అర్థమైనవి నీళ్లు, గ్లిజరిన్, అంతే. యూట్యూబ్‌లో ఒకావిడ మొదటి ఐదు పేర్లు చూస్తే చాలు, మిగతావన్నీ దండగ అంటుంది. ఇంకొకాయన ఫినాక్సీఇథనాల్ ఉంటే క్యాన్సర్ వస్తుందని భయపెడతాడు. వదినేమో రోజూ అడుగుతోంది. కొనమంటారా, వద్దా?

పైడిభీమవరం_క్యూసీ:
చెల్లెమ్మా, నేను మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్‌లో పని చేస్తాను. కాస్మెటిక్స్ నా పని కాదు గానీ లేబుల్ చదవడం రోజూ ఉన్నదే. మన దేశంలో కాస్మెటిక్స్ రూల్స్ 2020 ప్రకారం 1 శాతం కంటే ఎక్కువ ఉన్న పదార్థాలని ఎక్కువ నుంచి తక్కువకి వరుసగా రాయాలి. 1 శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవాటిని వాటి తర్వాత ఏ వరుసలోనైనా రాసుకోవచ్చు. ఆ 1 శాతం గీత ఎక్కడ పడిందో డబ్బా మీద ఎవరూ చెప్పరు, మనమే కనిపెట్టాలి. దానికి పనికొచ్చేది మీ యూట్యూబ్ ఆయన తిట్టిన ఫినాక్సీఇథనాలే. అది బూజు, బాక్టీరియా పట్టకుండా వేసే ప్రిజర్వేటివ్. యూరప్‌లో దానికి 1 శాతమే పరిమితి, అందుకే మామూలుగా ఎవరూ అంతకు మించి వెయ్యరు. అంటే లేబుల్ నిజాయితీగా రాసి ఉంటే, దాని తర్వాత వచ్చే పేరు ఏదైనా 1 శాతం లోపే. క్యాన్సర్ భయం పెట్టుకోవద్దు. నీళ్లున్న సీరమ్‌లో ప్రిజర్వేటివ్ లేకపోతేనే భయపడాలి, మన ఉక్కపోతకి అందులో ఏం పెరుగుతుందో దేవుడికే తెలియాలి.

ఇప్పుడు మీ లిస్టు చూడండి. డబ్బా ముందు వైపు మొదటి పేరు కుంకుమపువ్వు, వెనక చూస్తే అదే క్రోకస్ సాటివస్ ఎక్స్‌ట్రాక్ట్ అన్న పేరుతో ఫినాక్సీఇథనాల్ దాటాక, జిగురు కోసం వేసే శాంథన్ గమ్ కూడా దాటాక కనబడుతోంది. విటమిన్ సి అంటే ఆస్కార్బిక్ యాసిడ్, అది ఇంకా వెనక. ముఖం మీద పని చేయాలంటే అది మామూలుగా 10 నుంచి 20 శాతం ఉండాలి, పీహెచ్ (పులుపు ఎంతో చెప్పే అంకె, తగ్గేకొద్దీ పులుపెక్కువ) 3.5 కంటే తక్కువ ఉండాలి. నియాసినమైడ్ సీరమ్‌లు ఎక్కువగా 5, 7 మధ్య పీహెచ్‌లో చేస్తారు. అంటే ఇందులో విటమిన్ సి పేరుకే ఉంది. పైగా ఆ యాసిడ్ గాలికి, వేడికి పాడైపోయి గోధుమ రంగుకి తిరుగుతుంది. మే నెలలో కొరియర్ బండిలో మగ్గి వచ్చిన సీసా సంగతి మీరే ఊహించుకోండి.

సోడియం హైలురొనేట్ వెనక ఉందని మాత్రం తక్కువ చేయకండి. 1 శాతం వేస్తేనే జెల్లులా చిక్కబడిపోతుంది, 0.1 శాతమైనా చర్మానికి తేమ పట్టిస్తుంది. మొదటి ఐదు పేర్లే చూడమనే సూత్రం ఇక్కడే తప్పుతుంది.

మిగిలింది నియాసినమైడ్. మచ్చల మీద 2 నుంచి 5 శాతం దాకా పరీక్షించి చూసిన పదార్థం అది. ఇందులో అదొక్కటే నికరం.

మూడులాంతర్లు_విజయనగరం:
ఇంత కెమిస్ట్రీ ఎందుకు గురూ, శనగపిండిలో నిమ్మరసం కలిపి రాస్తే మా నాయనమ్మ మొహం అద్దంలా ఉండేది. ఆరు వందలు మిగిల్తే పాపకి గౌను వస్తుంది.

మెడికల్_షాపు_అక్క:
పై తమ్ముడూ, శనగపిండి నీ ఇష్టం, నిమ్మరసం మాత్రం ఎవరికీ చెప్పకు. అది రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలి కొత్త మచ్చలు పడతాయి. మంగు ఉన్న మొహానికి గట్టిగా రుద్దే నలుగు కూడా వద్దు.

రాజాం అమ్మాయీ, నేను చెప్పాలనుకున్నది వేరే. సీరమ్ పని చేయకపోతే డబ్బులు పోతాయి, అంతే. మా దగ్గరికొచ్చే అసలు గొడవ "తెల్లబడే ట్యూబ్" ఇవ్వమనేవాళ్లతో. ఎవరో చుట్టం వాడారని ఖాళీ ట్యూబ్ పట్టుకొస్తారు, తిప్పి చూస్తే మొమెటాసోన్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ అని మూడు పేర్లు. అది మందు, స్నోలా రాసుకునేది కాదు. మొమెటాసోన్ స్టెరాయిడ్. మొదట్లో మొహం భలే తేలుతుంది, నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి, ఎర్రబడి, మొటిమలు, వెంట్రుకలు వస్తాయి, మానేస్తే మంట. బీటామెథాసోన్, క్లోబెటాసోల్ అన్నా అదే జాతి. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, అయినా అమ్మేవాళ్లున్నారు, ఏం చేస్తాం. ఇంకొకటి, తయారీ లైసెన్సు నంబరు గానీ, దిగుమతి అయితే తెచ్చినవాళ్ల పేరు గానీ లేకుండా సంతలో, వాట్సాప్‌లో అమ్మే నైట్ క్రీములు. వాటిలో పాదరసం ఉన్నా లిస్టులో రాయరు కదా. అలాంటప్పుడు ఎంత లిస్టు చదివినా లాభం లేదు, ముట్టుకోకపోవడమే.

ఆముదాలవలస_సంతు:
క్యూసీ అన్నయ్యకి ఒక చిన్న మాట. ఫినాక్సీఇథనాల్ తర్వాతవి 1 శాతం లోపే అన్నది సరే. దాని ముందున్నవన్నీ 1 శాతం దాటాయని మాత్రం అనలేం కదా? లోపువి ఏ వరుసలోనైనా పెట్టొచ్చన్నారు కాబట్టి నియాసినమైడ్ 0.5 ఉన్నా ఎత్తి ముందు పెట్టుకోవచ్చు.

పైడిభీమవరం_క్యూసీ:
నిజమే సంతూ, మంచి పాయింట్. దాని వెనకే బ్యూటిలీన్ గ్లైకాల్ ఉంది, మిగతావి కరగడానికి వేసే ద్రవం, అది సాధారణంగా కొన్ని శాతాలు వేస్తారు, అందుకని నియాసినమైడ్ బాగానే ఉందనుకున్నాను. అయితే మొక్కల సారాలతో పాటు బ్యూటిలీన్ గ్లైకాల్ కొంచెమే వచ్చి చేరినా లిస్టులో అదే పేరు పడుతుంది. కాబట్టి డబ్బా మీద శాతం రాయని దాన్ని నేనైతే కొనను. నియాసినమైడ్ 5 శాతం అని అంకె వేసి, సువాసన కలపకుండా, దీనికంటే తక్కువ ధరకే అమ్మేవి బోలెడున్నాయి. మీ లిస్టు చివర లినలూల్, లిమోనీన్ ఉన్నాయి చూశారా, అవి సెంటు వాసనవి, కొందరికి పడవు. దురద పెట్టి మొహం రేగితే ఆ రేగిన చోట మళ్లీ నల్లబడుతుంది. ఏది కొన్నా ముందు చెవి వెనక నాలుగు రోజులు రాసి చూడమనండి.

రాజాం_అమ్మాయి:
అందరికీ చాలా థాంక్స్. వదినకి చదివి వినిపించాను, కుంకుమపువ్వు దగ్గర మొహం మాడ్చుకుంది. పాలిచ్చేవాళ్లు వాడకూడనివి ఏమైనా ఉన్నాయా? ఆవిడ పొద్దున్నే స్కూటీ మీద స్కూలుకి వెళ్తుంది, సన్‌స్క్రీన్ రాయదు, జిడ్డుగా ఉంటుందట.

మెడికల్_షాపు_అక్క:
అదేనమ్మా అసలు సంగతి! సన్‌స్క్రీన్ లేకుండా ఏ సీరమ్ రాసినా మంగు మళ్లీ వస్తుంది. ఒట్టి స్కార్ఫ్ చాలదు. పాలిచ్చినన్నాళ్లూ రెటినాల్, ట్రెటినాయిన్, హైడ్రోక్వినోన్ జోలికి డాక్టరు చెప్పకుండా వెళ్లొద్దు. నియాసినమైడ్‌తో ఇబ్బంది లేదు. అజెలాయిక్ యాసిడ్ అని ఒకటుంది, మంగుకి రాస్తారు, పాలిచ్చేవాళ్లకి కూడా చాలామంది డాక్టర్లు ఇస్తారు, అడగండి. విజయనగరం పెద్దాసుపత్రిలో స్కిన్ ఓపీకి ఒకసారి తీసుకెళ్తే మంగేనా, ఇంకేమైనానా అన్నది కూడా తేలుతుంది.

పైడిభీమవరం_క్యూసీ:
సన్‌స్క్రీన్ కొనేటప్పుడు కూడా లిస్టు చూడండి చెల్లెమ్మా, ఈసారి అంకెల కోసం. మంగుని మామూలు వెలుతురు కూడా పెంచుతుంది, దాన్ని ఆపేది ఐరన్ ఆక్సైడ్ అనే రంగుపొడి కలిపిన రంగు సన్‌స్క్రీన్. లిస్టు చివర్లో ఆ రంగుల నంబర్లు సీఐ 77491, 77492, 77499 అని ఉంటాయి. జిడ్డు వద్దంటే జెల్ రకం అడగండి, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా.

రాజాం_అమ్మాయి:
నంబర్లు రాసుకున్నా. ఆదివారం బొబ్బిలి వెళ్తాం, ఈసారి డబ్బా తిప్పి చూసే పని వదినదే.