దానంతటదే నడిచే స్లైడ్ షో అందరికీ ఎలా పంపాలి?

సోషల్ మాస్టారు, నిడదవోలు:
మా బడి పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి పవర్‌పాయింట్‌లో స్లైడ్ షో చేశాను. పాత గ్రూపు ఫోటోలు, కాలం చేసిన మాస్టార్లకు నివాళి, వెనక సన్నాయి. హాల్లో ఎవరూ ముట్టుకోకుండా రోజంతా తిరగాలి. దుబాయ్, అమెరికాల్లో ఉన్న పిల్లలకూ పంపాలి, వాళ్లు ఫోన్లోనే చూస్తారు. పేర్లన్నీ అను ఫాంట్లో కొట్టించాను. వేరే కంప్యూటర్లో తెరిస్తే అక్షరాల బదులు ఏవో ఇంగ్లీషు గుర్తులు వస్తున్నాయి. ఆ మాస్టార్ల పేర్లు ఒక్క అక్షరం తప్పు పడినా నాకు మనసొప్పదు.

డీటీపీ పని, విజయవాడ:
నమస్తే మాస్టారూ. అను యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ ఒకేలా గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) కాదు, ఆ ఫాంటు లేని చోట అంతే. ఫోన్లకు పంపాలంటే వీడియో చేసెయ్యండి. అక్షరాలు బొమ్మలో కలిసిపోతాయి, ఎక్కడ తెరిచినా మారవు. ఫైల్, ఎక్స్‌పోర్ట్, క్రియేట్ ఎ వీడియో. ఫుల్ హెచ్‌డీ, అంటే 1080పీ చాలు.

దానికంటే ముందు టైమింగు చూసుకోండి. మీరు ఏమీ పెట్టకపోతే స్లైడుకు 5 సెకన్లే ఇస్తుంది. గ్రూపు ఫోటోకి అది ఏ మూలకీ చాలదు, ప్రతివాడూ తన మొహం వెతుక్కోవాలి కదా! రిహర్స్ టైమింగ్స్ నొక్కి, ఫోటోలో ఉన్న పేర్లు పైకి చదువుతూ స్లైడ్లు మార్చండి. నివాళి స్లైడ్లకైతే ఇంకాస్త ఆగండి. వీడియో చేసేటప్పుడు ఆ రికార్డయిన టైమింగ్సే వాడమని ఎంచుకోవాలి.

కంప్యూటర్ ల్యాబ్, ఖమ్మం:
హాల్లో ల్యాప్‌టాప్ పెడితే సెటప్ స్లైడ్ షోలో కియోస్క్ ఎంచుకోండి. ఎస్కేప్ నొక్కేదాకా తిరుగుతూనే ఉంటుంది, పిల్లలు మౌస్ నొక్కినా స్లైడు కదలదు. పవర్ సెటింగ్స్‌లో స్లీప్ ఆపడం మరవకండి. టీవీకి పెన్‌డ్రైవే పెడితే ఎంపీ4 వీడియో ఫైలు వేసి రిపీట్ ఆన్ చేయండి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు.

షార్జా నుంచి:
అన్నా, వాట్సాప్‌లో వీడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. మామూలుగా పంపితే కుదించేస్తుంది, పాత ఫోటోల్లో మొహాలు అసలే మసక. గూగుల్ స్లైడ్స్‌లో పబ్లిష్ టు వెబ్ ఉంది గానీ, లింకు దొరికిన ఎవరైనా చూస్తారు. ఆడపిల్లల ఫోటోలున్నాయి కాబట్టి నాకది నచ్చదు.

సోషల్ మాస్టారు, నిడదవోలు:
అందరికీ ధన్యవాదాలు. వీడియోయే చేస్తాను. పేర్లు ఎలాగూ యూనికోడ్‌లో మళ్లీ కొడతాను, వచ్చే బ్యాచ్ వాళ్లకీ పనికొస్తాయి. పీపీఎస్‌ఎక్స్‌గా, అంటే స్లైడ్ షో ఫైలుగా దాచి ఇస్తే ఎవరూ మార్చలేరా?

డీటీపీ పని, విజయవాడ:
మార్చగలరు. దాన్ని నొక్కితే నేరుగా షో మొదలవుతుంది, అంతవరకే. పవర్‌పాయింట్ లోపలి నుంచి తెరిస్తే మామూలు ఫైలే. అసలు ప్రతి మీ దగ్గరే ఉంచుకోండి. పేర్లకు నిర్మలా యూఐ అనే యూనికోడ్ ఫాంటు వాడండి, ఇప్పటి విండోస్‌లో అది ముందే ఉంటుంది.