గాలి లేని సీసాలో ఫిల్టర్ కాగితం: ఈ బ్యాక్టీరియాకు ఏటీపీ ఎలా గిట్టుబాటు అవుతుంది?

తార్నాక విద్యార్థి:
క్లాస్ట్రిడియం థర్మోసెల్లమ్ అనే, కాగితంలోని సెల్యులోజ్‌ను తినే బ్యాక్టీరియాను 60 డిగ్రీల వద్ద ఫిల్టర్ కాగితం మీద పెంచుతున్నాను. సీసాలో ఆక్సిజన్ ఉందో లేదో చూపే రెజాజురిన్ అనే సూచిక గులాబీ రంగు పూర్తిగా విరిగి, ద్రావణం తేటపడ్డాకే కల్చర్ ఎక్కించాను. మూడో రోజుకు కాగితం పసుపు తిరిగి, అంచులు పీచుపీచుగా రాలాయి. ఆక్సిజన్ లేనప్పుడు గ్లూకోజ్ నుంచి దక్కే ఏటీపీ, అంటే కణం ఖర్చుపెట్టే శక్తి నాణెం, అతి తక్కువ కదా. కాగితాన్ని కరిగించే అంత పెద్ద ఎంజైముల సముదాయాన్ని తయారుచేసి బయటికి పంపడం ఈ జీవికి ఎలా సాధ్యమవుతోంది?

ఉప్పల్ నుంచి:
ఆ పసుపు రంగు చూసి కల్తీ అయిందని పారబోయకండి. సెల్యులోజ్ మీద పెరిగేటప్పుడు ఈ జీవి తయారుచేసుకునే వర్ణకం అది. మీరు చెప్పిన సముదాయం పేరు సెల్యులోసోమ్. 1983లో బేయర్, లామెడ్ దీన్ని వర్ణించారు. స్కాఫోల్డిన్ అనే పొడవాటి ప్రొటీన్ మీద కోహెసిన్లు అనే 9 అతుకు భాగాలు వరుసగా ఉంటాయి, ఒక్కో ఎంజైముకు ఉన్న డాకెరిన్ అనే జత భాగం వాటిలోకి కాజాలో గుండీలా దిగుతుంది. దీనికి కాల్షియం తప్పనిసరి కాబట్టి కాల్షియాన్ని పట్టేసుకునే ఈడీటీఏ వాడేటప్పుడు జాగ్రత్త.

పాత లెక్కల మనిషి:
అసలు ప్రశ్నకు జవాబు రాలేదు. ఈ జీవి సెల్యులోజ్‌ను బయటే గ్లూకోజ్ దాకా నలగ్గొట్టదు. సగటున నాలుగు గ్లూకోజ్‌లున్న గొలుసుగా లోపలికి లాక్కుంటుంది, గొలుసు ఎంత పొడవున్నా రవాణా ఖర్చు ఒక్క ఏటీపీయే. లోపల ఫాస్ఫోరిలేజులనే ఎంజైములు నీటికి బదులు ఫాస్ఫేట్‌తో బంధాలను తెంచడంవల్ల మూడు గ్లూకోజ్-1-ఫాస్ఫేట్లు ఖర్చు లేకుండా దొరుకుతాయి, మిగిలిన ఒక్క గ్లూకోజ్‌కే ఇంకో ఏటీపీ పెట్టి ఫాస్ఫేట్ కొనాలి. అంటే మొత్తం రెండు ఏటీపీలు. అవే నాలుగు గ్లూకోజ్‌లను విడివిడిగా ఇదే తీరున తెచ్చుకుంటే రవాణాకు నాలుగు, ఫాస్ఫేట్‌కు నాలుగు, మొత్తం ఎనిమిది అయ్యేవి.

ఉప్పల్ నుంచి:
ఒప్పుకుంటున్నాను. ఆదాయం వైపు కూడా ఒక మాట: అసిటేట్ చేస్తే అదనంగా ఏటీపీ వస్తుంది, కానీ హైడ్రోజన్ పేరుకున్నకొద్దీ దారి ఇథనాల్ వైపు మళ్లుతుంది. బోయినపల్లి మార్కెట్‌లో కూరగాయల వ్యర్థంతో నడిచే బయోగ్యాస్ ప్లాంటు లాంటి చోట ఆ హైడ్రోజన్‌ను మీథేన్ చేసే సూక్ష్మజీవులు తినేస్తాయి. మీ సీసాలో తినేవాళ్లు లేరు. కాగితం బదులు వరిగడ్డికి మారితే అందులో గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్ అలాగే మిగులుతుంది, గడ్డిలోని జైలోజ్ అనే చక్కెరనూ ఈ బ్యాక్టీరియా వాడుకోలేదు.

తార్నాక విద్యార్థి:
అయితే వరిగడ్డికి మారేముందు మీథేన్ చేసే సూక్ష్మజీవిని కలిపి ఒక సీసా, కలపకుండా ఒక సీసా పెట్టి అసిటేట్ కొలుస్తాను.